మొదటి సంతకం

జహీరాబాద్ చరిత్రను ఇంతవరకు ఎవరూ సక్రమంగా రాయలేదు. రాసిన కొద్దిమంది కూడా రైలు ఎప్పుడొచ్చింది, చెరకు ఎప్పుడొచ్చింది, అల్లం ధర ఏ ఏడు పడిపోయింది అని రాశారే తప్ప, ఎన్నికల నాడు పొద్దు పొడవకముందే మార్కెట్ యార్డు వెనక సర్కారు బడి గేటు ముందు సంగయ్య నిలబడే ఆచారం ఎలా మొదలైందో రాయలేదు. ఇది క్షమించరాని లోపం. ఈ ఆచారం కళ్ళ ముందే ఓటు పెట్టె పోయి మిషన్ వచ్చింది. జిల్లా పేరు మారింది. రాష్ట్రమే మారింది. నాయకులు పార్టీలు మారారు, మారిన పార్టీలోంచి మళ్ళీ మొదటి పార్టీకి మారారు. మారనిది ఒక్కటే. ఆ బడిలోని బూత్‌లో మొదటి ఓటు సంగయ్యది.

ఆచారం అన్నాక దానికో విధి ఉంటుంది. ముందురోజు సాయంత్రం గడ్డం గీయించుకోవాలి. ఉతికిన ధోతి, తెల్లంగీ, తలకు రుమాలు. కోడి కూసేసరికి గేటు దగ్గర ఉండాలి. ఆ వేళకు లోపల కానిస్టేబుల్ పళ్ళు తోముకుంటూ ఉంటాడు. ప్రతి ఎన్నికకూ ఒక కొత్త కానిస్టేబుల్ వస్తాడు, ప్రతి కానిస్టేబులూ ఒకే ప్రశ్న అడుగుతాడు.

"ఏం పెద్దమనిషీ, తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదా ఏంది?"

సంగయ్య జవాబు చెప్పడు. పీఠాధిపతులు గుడి వాచ్‌మన్‌తో వాదన పెట్టుకోరు. గేటు తెరిచాక లోపలికి వెళ్ళి, ఓటర్ల చేత సంతకం చేయించే రిజిస్టరులో, ఇంకా ఎవరి చెయ్యీ తగలని పేజీలో, మొదటి గీత మీద తన పేరు రాస్తాడు. పెన్నును గడ్డపార పట్టినట్టు పడతాడు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది. వెనక లైను దగ్గుతుంది. ఆయన తలెత్తడు. రాసింది ఒకసారి చూసుకుని, సిరాకు వేలు చాపి, మిషన్ దగ్గరికి వెళ్ళి మీట నొక్కుతాడు. నిజం చెప్పాలంటే మీట నొక్కడం ఆయనకు లాంఛనం లాంటిది. అసలు ఓటు సంతకంతోనే పడిపోయిందని ఆయన నమ్మకం.

ఈ నమ్మకానికి కారణం ఉంది. సంగయ్య ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ మార్కెట్ యార్డులో హమాలీ. ఝరాసంగం కందులు, కోహీర్ ఆలుగడ్డలు, అన్నీ ఆయన వీపు మీదుగానే లారీ ఎక్కాయి. కూలి తీసుకున్నప్పుడల్లా బొటనవేలు నల్లబడేది. తర్వాత చదువురాని పెద్దలకు చదువు చెప్పే సర్కారు కార్యక్రమం ఒకటి వచ్చింది. యార్డు గోదాములో పంతులు పలక పట్టుకుని కూర్చుంటే సంగయ్య వెళ్ళి తన పేరు నేర్చుకున్నాడు. మిగతా అక్షరాలతో తనకు పని లేదని మర్నాటి నుంచి మానేశాడు. ఆ రోజుతో బొటనవేలికి పెన్షన్ వచ్చింది. అప్పటి నుంచి ఆయన ముందుకు వచ్చిన కాగితమేదీ సంతకం లేకుండా వెనక్కి పోలేదు. కరెంటు బిల్లు మీద సంతకం చేస్తాడు. పెళ్ళిపత్రిక ఇస్తే, ఇచ్చినవాడి పెన్నే అడిగి తీసుకుని పత్రిక మూల సంతకం చేసి దాస్తాడు. సంతకం లేని కాగితం తూకం వేయని బస్తా వంటిదని ఆయన సిద్ధాంతం.

ఈ మహా ఆచారానికి ఒక ప్రతిపక్షం కూడా ఉంది. రామ్‌కిషన్ సేటు. యార్డులో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఆయనది. సంగయ్య మోసిన బస్తాల్లో సగం ఆయనవే. సేటు కూడా తెల్లవారుజామునే లేచే మనిషి. అయినా ఎన్ని ఎన్నికలు వచ్చినా లైనులో ఆయనది రెండో చోటే.

"రాత్రి ఈడనే పండుకుంటవా ఏంది సంగయ్యా?" అంటాడు సేటు.

"పండుకుంటే లేస్తనో లేనో అని పండుకోలే సేటూ. నీ బస్తాలు మోసిన నడుమాయె," అంటాడు సంగయ్య.

అంతే. తర్వాత ఇద్దరూ గేటు తెరిచేదాకా మాట్లాడుకోరు.

ఇలా నడుస్తున్న చరిత్ర మొన్నటి లోక్‌సభ ఎన్నికల ముందు మలుపు తిరిగింది. తిప్పింది నవత. గల్లీలో అంగన్‌వాడీ టీచర్. ఓటర్ల జాబితా పని కూడా ఆమె మీదే వేశారు. ఎండలో పడి వచ్చి, గుమ్మంలో కూర్చుని, సంగయ్య కోడలు నాగరాణి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక ఫారం తీసింది.

"తాతా, నీకు ఎనభై ఆరు నిండినయి. ఎనభై అయిదు దాటినోళ్ళకు ఇంటికాడనే ఓటు పెట్టిన్రు. నీకు అక్కర ఉంటేనే. ఈ కాయిదం నింపిస్తే సార్లే నీ ఇంటికొస్తరు."

"మంచిదాయె," అంది నాగరాణి. "మామకు ఎండ దెబ్బ తగలకుంట ఉంటది."

సంగయ్య ఇదంతా వినలేదు. ఆయన చూపు ఫారం కింది భాగంలో ఉన్న ఖాళీ గీత మీద ఉంది.

"సంతకం ఈడనేనా బిడ్డా?"

"ఈడనే తాతా. చెప్పింది సమజయిందా మరి?"

"పెన్ను ఇయ్యి," అన్నాడు సంగయ్య.

ఎనభై ఆరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆయనకు ఎనభై ఆరు లేవు. ఎనభై దాటాయో లేదో కూడా అనుమానమే. ఓటు హక్కుకు ఇరవై ఒక్క ఏళ్ళుండాలన్న కాలంలో పేర్లు రాసుకునేవాడు ఊరికి వస్తే, మీసం కూడా సరిగా రాని సంగయ్య ఛాతీ విరిచి నిలబడి ఇరవై నాలుగు అని చెప్పాడు. పుట్టిన కాగితాలు ఎవరి దగ్గరా లేని రోజులు. అతను రాసుకున్నాడు. అప్పటి నుంచి ఆ అబద్ధం ఏడాదికొక ఏడు చొప్పున క్రమం తప్పకుండా పెరుగుతూ వచ్చింది. ఓటు కోసం ముందుకు దూకించిన వయసు, ఇన్నాళ్ళ తర్వాత తిరిగి వచ్చి ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టింది.

ఆ సంగతి ఆయనకు కొన్నాళ్ళకు గాని తెలియలేదు. రేపు ఇంటికి సార్లు వస్తున్నారని చెప్పడానికి నవత మళ్ళీ వచ్చింది.

"రానీయి," అన్నాడు సంగయ్య ఉదారంగా. "ఇంట్ల ఓటు రేపేస్త. బడిల ఓటు ఆ దినం ఏస్త."

నవత నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి ఆపింది.

"ఒక మనిషికి ఒకటే ఓటు తాతా."

"అట్లయితే ఇంట్లది నాకొద్దు. వాపస్ తీస్కో."

"వాపస్ ఉండదు. కాయిదం నింపి సంతకం జేస్తివి. లిస్టుల నీ పేరు మీద ఇంటికాడి ఓటు అని గుర్తు పడ్డది. ఇగ బడికి పోయినా ఎయ్యనియ్యరు."

సంగయ్య మంచం మీద కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు. పట్టపగలు ఆయన పడుకోవడం నాగరాణి కాపురానికి వచ్చాక ఇదే మొదలు.

ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు దేవరాజ్ ఝరాసంగం దారిలో షేరు ఆటో నడుపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి సంగతి విని, తండ్రికి నచ్చజెప్పబోయాడు.

"ఏమైంది బాపూ గిప్పుడు? కలెక్టర్‌కు గూడ ఇంటికాడ ఓటు లేదు. నీకిచ్చిన్రు."

"మంచం కాడికి ఓటు ఎవనికి తెస్తర్రా? సచ్చేటోనికి తెస్తరు. బడి గేటు కాడ నేను కనవడకపోతే ఊరోళ్ళేమనుకుంటరు? సంగయ్య పోయిండనే అనుకుంటరు."

మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, సంగయ్య తహసీల్ ఆఫీసుకు బయల్దేరాడు. అక్కడ ఎన్నికల పని చూసే గుమాస్తా బల్ల ముందు లైను ఉంది. బడి గేటు తప్ప మిగతా లైన్లలోని అలవాటు ప్రకారం ఆయన చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, అటూ ఇటూ చూసి, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని రహస్యం బయట పెట్టాడు.

"సార్, నాకు ఎనభై ఆరు లేవు."

గుమాస్తా తల ఎత్తాడు. "మరెన్ని ఉన్నయి?"

"ఎనభై. గంతే. పైన ఒక్కటి ఉంటే ఉండొచ్చు."

"కాయిదం ఉన్నదా?"

"కాయిదం లేదు. నోటితోనే ఎక్కిచ్చిన్రు. నోటితోనే తీసెయ్యున్రి."

"తప్పు వయసు ఎందుకు చెప్పినవ్?"

"ఓటెయ్యనీకె."

"అంటే వయసు రాకముందే ఓటేసినవా?"

బల్ల ముందున్న జనం అంతా ఆయన వైపు తిరిగారు. సంగయ్య రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"తప్పయింది సార్. మళ్ళ ఎన్నడు జెయ్యలే."

గుమాస్తా మంచివాడే. నవ్వు ఆపుకుని, వయసు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, కానీ ఈ ఎన్నికకు అది పనికిరాదనీ చెప్పాడు. పెద్ద సారు వస్తే అడుగుదామని సంగయ్య బెంచీ మీద కూర్చున్నాడు. పెద్ద సారు మీటింగులో ఉన్నాడు. మీటింగు అయ్యాక ఇంకో మీటింగుకు పోయాడు. పొద్దు వాలేదాకా కూర్చుని సంగయ్య లేచి ఇంటికి నడిచాడు.

గుమ్మంలో నాగరాణి తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది.

"యాడికి వోయినవ్ మామా? సార్లు వచ్చిన్రు. పోలీసు, కెమెరా పట్టుకొని ఇంకొకాయన. గల్లీ గల్లంత జమయింది, ఎవలన్న సచ్చిపోయిన్రా అని. నువ్వు లేవని రాసుకొని పోయిన్రు."

"మంచిదే అయింది," అన్నాడు సంగయ్య. ఇంట్లో ఓటు తప్పిపోయింది గనుక బడిలో ఓటు తిరిగి వచ్చినట్టేనని ఆయన లెక్క.

"ఏం మంచిది? ఎల్లుండి ఇంకొక్కసారి వస్తరట. అప్పుడు గూడ నువ్వు లేకుంటే ఇంట్ల ఓటు లేదు, బడిల ఓటు లేదు. ఈసారికి నీకు ఓటే లేదని చెప్పి పోయిన్రు."

సంగయ్య గోడకు చేరబడ్డాడు. మొదటి ఓటు పోయిందని రెండు రోజులుగా ఏడుస్తున్నవాడికి, అసలు ఓటే పోయేలా ఉందన్న సంగతి అప్పుడు తలకెక్కింది.

ఎల్లుండి వచ్చింది. ఆ రోజు సంగయ్య గడ్డం గీయించుకుని, తెల్లంగీ వేసుకుని, రుమాలు చుట్టుకుని, గుమ్మానికి ఎదురుగా మంచం వేసుకుని కూర్చున్నాడు. పొద్దున వస్తామన్నారు. పొద్దున ఎవరూ రాలేదు. పెరట్లో మరుగుదొడ్డికి పోతే ఆ మధ్యలోనే వచ్చి పోతారని నీళ్ళు తాగడం మానేశాడు. మే నెల ఎండ. రేకుల కప్పు. కోడలు మజ్జిగ తెస్తే చేత్తో పక్కకు జరిపాడు.

నవతకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాటాక ఎత్తి, టీమ్ కోహీర్ దిక్కు పోయిందని, అక్కడి నుంచి వస్తారని చెప్పింది. ఎప్పుడొస్తారో ఆమెకూ తెలియదు.

"ఎతుక్కుంట పోదునా?" అన్నాడు సంగయ్య. లేచి రెండడుగులు వేసి ఆగాడు. "నేను పోయినంక వస్తే?" వెనక్కి వచ్చి కూర్చున్నాడు. కూర్చుని మళ్ళీ లేచాడు. ఉంటే రారేమో, పోతే వస్తారేమో. గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. దేవరాజ్ ఆటో తీసుకుని రోడ్డు మీద వెతకడానికి పోయాడు. నాగరాణి గల్లీ చివర కాపలా నిలబడి, నీడ జరిగినప్పుడల్లా తానూ జరుగుతూ ఉంది.

ఆమె మంచినీళ్ళకు ఇంట్లోకి వచ్చేసరికి మామ గడప మీద కూలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాగరాణీ, జిందగీ అంత ఎనకనే నిలవడ్డ. రేషన్ కాడ డీలర్ సుట్టాలు ముందట. దవాఖానల పైరవీ ఉన్నోడు ముందట. కూలి పంచేటప్పుడు సేటు జీతగాళ్ళు ముందట. నేనేమన్న అన్ననా? గా బడికాడ ఒక్కతాననే, ఎవడు నన్ను ఎనకకు జరుగు అనలే. సేటంత సేటు నా ఈపు జూసుకుంట నిలవడ్డడు. ఇగ ఆఖరికి నాకు లైనే లేకుంట జేసిన్రు."

నాగరాణి పక్కన కూర్చుంది. "వస్తరు మామా," అంది. ఆ మాట పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అందో ఆమెకే గుర్తు లేదు.

దీపాలు పెట్టే వేళకు దేవరాజ్ ఆటో చప్పుడు వినిపించింది. వెనకే ఒక జీపు. పక్క గల్లీలో ఇంకో సంగయ్య ఇంటి ముందు, తనకు అరవై ఏళ్ళే అని ఆయన ఎంత మొత్తుకున్నా వినకుండా ఓటు వేయమంటున్న కొత్త టీమ్ అధికారులను దేవరాజ్ చూసి పట్టుకొచ్చాడు.

అధికారి లోపలికి వచ్చి చొక్కా గుండీ విప్పుకుని, "పెద్దాయనా, జర నీళ్ళు తాగిస్తరా?" అన్నాడు. సంగయ్య తానే లేచి చెంబు అందించాడు. తర్వాత తానూ తాగాడు. ఆ రోజుకు అవే మొదటి నీళ్ళు.

అప్పుడు భారత ప్రజాస్వామ్యం సంగయ్య ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద కొలువుదీరింది. డ్రమ్ము మూత మీద చాటుకు అట్ట నిలబెట్టారు. కెమెరా వెలిగింది. పోలీసు గుమ్మంలో నిలబడి గల్లీ పిల్లల్ని అదిలించాడు. ఓటరును తానేనని ఒప్పుకునే కాగితం మీద ముందు సంతకం పెట్టించారు. సంగయ్య పెట్టాడు. తర్వాత గుర్తులున్న కాగితమూ, పెన్నూ ఇచ్చారు.

"నచ్చిన గుర్తు పక్కన టిక్కు పెట్టి, మడిచి, ఈ కవర్ల పెట్టి అంటియ్యున్రి. మేం ఎవ్వలం చూడం," అన్నాడు అధికారి. అందరూ గోడ వైపు తిరిగారు.

అట్ట వెనక సంగయ్య వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. అధికారికి ఇంకో రెండిళ్ళు మిగిలి ఉన్నాయి.

"అయిందా పెద్దాయనా?"

"జర ఆగున్రి సార్. పెన్ను సక్కగ పడ్తలేదు."

అయ్యాక కవరు అంటించి, ఇంకో కవరులో పెట్టి, దాన్నీ అంటించి పెట్టెలో వేశాడు. ఆయన మొహం చూసి అధికారికి జాలేసినట్టుంది.

"బూత్‌కు పోలేదని ఫికర్ చెయ్యకున్రి. లెక్క వెట్టెనాడు ముందు ఇంటికాడి ఓట్లే తీస్తరు. మిషన్లు ఆ తర్వాతనే."

సంగయ్య తల తిప్పాడు. "ముందట అంటే? బూత్ మొత్తంలనా?"

"బూత్ ఏంది. మొత్తం నియోజకవర్గంల."

ఆ రాత్రి సంగయ్య రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

పోలింగ్ నాడు కోడి కూసేసరికి ఆయన బడి ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ బెంచీ మీద ఉన్నాడు. తెల్లంగీ, రుమాలు. గేటు ముందు లైను కట్టింది. లైనుకు ముందు రామ్‌కిషన్ సేటు. కాకపోతే సేటు గేటుకు ఆనుకుని లేడు. ఒక మనిషి పట్టేంత జాగా వదిలి నిలబడ్డాడు.

"ముందటికి జరుగున్రి సేటూ," అన్నాడు వెనకాయన.

"ముందట సంగయ్య ఉంటడు."

"యాడున్నడు?"

సేటు వెతికి వెతికి హోటల్ వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లాంటిది కనిపించింది. గెలవాల్సిన చోట ఎదుటివాడు బరిలోకే రాకపోతే వచ్చే కోపం.

"ఏమయ్యా, ఈడికి రావా?"

"జరుగు సేటూ, జరుగు. నాదయింది," అన్నాడు సంగయ్య చాయ్ ఊదుకుంటూ. "ఇంటికొచ్చి ఏయించుకపోయిన్రు. లెక్కవెట్టెనాడు గూడ ముందుగాల నాదే తీస్తరట. నీది మిషన్ల ఉంటది. దాని వంతు వచ్చినప్పుడు వస్తది."

సేటు మెల్లగా ఒక్కడుగు ముందుకు జరిగాడు. జీవితంలో మొదటిసారి ఆ లైనులో ముందు నిలబడి కూడా, ఆయనకు ఆ చోటు అంత బాగున్నట్టు లేదు.

గేటు పక్కన టేబుల్ వేసుకుని ఓటరు చీటీలు ఇస్తున్న నవత ఇదంతా వింటూ నవ్వుతోంది. సంగయ్య ఆమె వైపు తిరిగాడు.

"బిడ్డా, లెక్కవెట్టెనాడు నా ఓటును ఇంకోనిది అనకుంట పక్కాగ జేసిన. పక్క గల్లీల గూడ ఒక సంగయ్య ఉన్నడాయె. అందుకే మా నాయిన పేరు గూడ రాయమని దేవరాజ్‌ను అడుగుదామనుకున్న. వాడు గోడదిక్కు తిరిగిండు. ఇగ ఉత్త నా సంతకమే పెట్టిన."

నవత చీటీ చింపుతున్న చెయ్యి ఆగింది.

"యాడ పెట్టినవ్ తాతా? సార్లు ఇచ్చిన పెద్ద కాయిదం మీదనా?"

"దాని మీద పెట్టిచ్చుకున్నరు. ఓటు కాయిదం మీద మాత్రం గీతనే గియ్యలే వాళ్ళు, మర్సిపోయినట్టున్నరు. నేనే టిక్కు పక్కన జాగ జూసి పెట్టిన. సక్కగొచ్చింది."

నవత ఆయన మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, లైనులో నిలబడ్డ సేటు వైపు ఒకసారి చూసి, చీటీ చింపడం పూర్తి చేసింది.

"ఇంకొక చాయ్ తాగు తాతా," అంది.

లెక్కింపు నాడు సంగయ్య మళ్ళీ గడ్డం గీయించుకున్నాడు. టీవీ ముందు మంచం వేయించాడు. గల్లీలోవాళ్ళను పిలిపించాడు. సేటుకు కూడా కబురు పెట్టాడు, సేటు వచ్చాడు. పొద్దున ఎనిమిది కొట్టగానే, మిషన్లకంటే ముందుగా ఇంటి ఓట్లు, పోస్టల్ ఓట్లు లెక్కిస్తున్నారని టీవీలో చెప్పారు. సంగయ్య చెయ్యి ఎత్తి అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. సేటు రుమాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఓటరు ఎవరో తెలిపే రాత ఏదున్నా ఆ బ్యాలెట్‌ను చెల్లనిదిగా పక్కన పెడతారు.